నాలుగు నిమిషాల సోలో

నేనొక రాక్ గాయకుడితో మూడేళ్లు ఒకే గదిలో ఉన్నాను. ఈ మాట వినగానే ఎదుటివాళ్ల ముఖంలో కనిపించే గౌరవం, ఆ గది దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోని లేబర్ క్యాంపులో ఉందని చెప్పేదాకా ఉంటుంది. ఆయన కేబుల్ గ్యాంగుకు ఫోర్‌మన్ అని కూడా చెబితే మర్యాదస్తులు మాట మారుస్తారు.

అది కరోనా వచ్చిన మరుసటి ఏడు. నేను డిగ్రీ చదివి, దానితో ఏం చేయాలో ఎవరూ చెప్పకపోవడంతో జగిత్యాల నుంచి ఇక్కడికొచ్చి టైమ్‌కీపర్‌గా చేరాను. పనికి ఎవరొచ్చారో, ఎవరు రాలేదో రాసుకోవడమే నా ఉద్యోగం. కాలేజీలో మూడేళ్లు హాజరుకు దొరకకుండా తిరిగినవాడికి ఇంతకంటే తగిన శిక్ష ఉండదని మా లెక్చరర్లు విని ఉంటే సంతోషించేవాళ్లు.

మా క్యాంపులో లేబర్‌కు గదికి ఆరుగురు, స్టాఫ్‌కు ఇద్దరు. ఫోర్‌మన్, టైమ్‌కీపర్ కాగితం మీద స్టాఫే కాబట్టి ఆయన లాహోర్, నా జగిత్యాల ఒకే గదిలో పడ్డాయి. రెండు దేశాల మధ్య మా వరకు ఉన్న ఏకైక వివాదం ఏసీ ఎంత మీద పెట్టాలన్నది. అది ఇరవై రెండు దగ్గర శాంతియుతంగా పరిష్కారమైంది. ఆయనది పంజాబీ కలిసిన ఉర్దూ, నాది ఎవరి వ్యాకరణానికీ లొంగని క్యాంపు హిందీ. ఆయన మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. దారిలో సగం సొగసు పోయి ఉంటుంది, ఆయన క్షమిస్తాడు. అందరూ ఫోర్‌మన్‌ను పిలిచినట్టే నేనూ ఆయన్ను ఉస్తాద్ అనేవాణ్ణి.

ఉస్తాద్ పాడతాడని మొదటి ఉదయమే తెలిసింది. వరండా చివర వరుసగా బాత్రూములు. బకెట్లు పట్టుకుని పదిమంది క్యూలో ఉన్నారు. లోపల్నుంచి ఒక గొంతు లేచింది. మంచి గొంతు. కొంచెం గరుకు, కొంచెం కోపం, పైకి పోతున్నకొద్దీ పలచబడకుండా ఇంకా చిక్కబడే రకం. క్యూలో ఉన్న నా వెనకాయన దాని గురించి ఒక్క మాటన్నాడు.

"పాట అయిపోయేదాక బైటికి రాడు. నాలుగు నిమిషాలు. నేను చూసిన."

ఆ నాలుగు నిమిషాల పాట ఎప్పుడూ ఒకటే. ప్రతి పాదం చివరా ఆగేవాడు. ఆ ఖాళీలో తలుపు మీద రెండు దెబ్బలు వినపడేవి. ధన్, ధన్. మళ్లీ పాడేవాడు. ఆ దెబ్బలు క్యూలో వాళ్లవి కావని, లోపల్నుంచి ఆయనే కొడుతున్నాడని తెలియడానికి నాకు వారం పట్టింది.

ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఇక్కడ బయట పని ఆపేయాలి. అది చట్టం. ఆ రెండున్నర గంటలు షెడ్డు కింద కార్టన్ అట్టలు పరుచుకుని అందరం పడుకునేవాళ్లం. ఉస్తాద్ తన కథ చెప్పింది అలాంటి ఒక మధ్యాహ్నమే.

లాహోర్‌లో పాలిటెక్నిక్ చదివేటప్పుడు నలుగురు కుర్రాళ్లు కలిసి బ్యాండ్ పెట్టారు. ఉస్తాద్ గాయకుడు. జుట్టు భుజాల దాకా. కాలేజీ ఫంక్షన్లలో వాయించారు. ఒకసారి లోకల్ టీవీలో పొద్దుటి కార్యక్రమంలో కూడా వచ్చారు, రెండో చరణంలో వంటనూనె ప్రకటన వచ్చేదాకా. వాళ్ల సొంత పాటలన్నిటిలో ఊళ్లో జనం గుర్తుపట్టి పాడింది ఒక్కటే, ఈ బాత్రూం పాట. ఆ పాట ప్రతి పాదం చివరా ఆగుతుంది. ఆ ఖాళీలో డ్రమ్ము రెండు దెబ్బలు కొట్టి జవాబిస్తుంది. అప్పుడు తర్వాతి పాదం.

"మరి బ్యాండ్ ఏమైంది?" అన్నాను.

"కళాపరమైన విభేదాలు."

పది నిమిషాలు ఊరుకుంటే మిగతాది దానంతటదే వచ్చింది. డ్రమ్మర్ బ్యాంకు ఇంటర్వ్యూ కోసం జుట్టు కత్తిరించుకున్నాడు. ఉస్తాద్ అతణ్ణి అందరి ముందూ 'గుమాస్తా' అన్నాడు. డ్రమ్మర్ కర్రలు కింద పెట్టి, "నేను కొట్టకపోతే నువ్వు స్టేజీ మీద నాలుగు నిమిషాలు నిలబడలేవు" అన్నాడు. దానికి జవాబుగా ఉస్తాద్ సోలో ఆర్టిస్ట్ అయ్యాడు. పోస్టర్ కూడా అచ్చు వేయించాడట. మొదటి కచేరీ ఒక మొబైల్ షాపు ప్రారంభోత్సవంలో.

మొదటి పాదం పాడాడు. ఆగాడు. ఖాళీ వచ్చింది. అందులోకి ఎవరూ రాలేదు. ఇంత పెద్దదని ఎప్పుడూ అనుకోలేదు యార్, అన్నాడు నాతో. ఆ నిశ్శబ్దంలో జనం పాట అయిపోయిందనుకుని మర్యాదగా చప్పట్లు కొట్టారు. ఆయనా మర్యాదగా వంగి దండం పెట్టి దిగిపోయాడు.

సోలో కెరీర్ మొత్తం నిడివి పదకొండు సెకన్లు. ఆ తర్వాత దుబాయ్.

ఇక మా సైటు. ఒక పెద్ద కొత్త గోదాముకు కరెంటు కేబుల్ వేస్తున్నాం. మనిషి చేతి మందాన ఉండే కేబుల్ అది. చక్రం మీద నుంచి వదులుతూ ఉంటే, కందకం పొడుగునా ముప్పై మంది వరుసగా నిలబడి గుంజాలి. అందరూ ఒక్కసారే గుంజితే పాములా వస్తుంది. ముందు నలుగురు, వెనక పదిమంది ఎవరికి తోచినప్పుడు వాళ్లు గుంజితే, బరువంతా తొందరపడ్డవాడి నడుం మీద పడుతుంది. అందుకే ఒకడు కేక వేయాలి. మామూలుగా విజిల్ ఊదేవాళ్లు. కరోనాతో విజిల్ నిషేధించారు, ఊదాలంటే మాస్క్ తీయాలని. మాస్క్‌లోంచి 'జోర్ లగాకే, హైసా' అంటే కందకం సగందాకా కూడా వినపడేది కాదు. మొదటి రెండు రోజులు కేబుల్ కంటే తిట్లు ఎక్కువ దూరం పోయాయి.

మూడో రోజు ఉస్తాద్‌కు విసుగొచ్చింది. మట్టిదిబ్బ ఎక్కి, నడుం మీద చేతులు పెట్టుకుని, మాస్క్‌లోంచే తన పాట మొదటి పాదం పూర్తి గొంతుతో ఎత్తాడు. ఆగాడు.

ఆ ఖాళీలోకి కందకం మధ్యనుంచి ఒక కేక వచ్చింది. "హైసా!"

ముప్పై మంది వెనక్కి వాలారు. కేబుల్ కదిలింది.

ఆ కేక మా పెద్దాయనది. నిర్మల్ దగ్గరి పల్లె. నేను పుట్టక ముందునుంచీ గల్ఫ్‌లో ఉన్నాడు. కువైట్‌లో గుంజాడు, మస్కట్‌లో గుంజాడు, రువైస్ రిఫైనరీని మరమ్మతులకు ఆపిన రెండు షట్‌డౌన్లలోనూ గుంజాడు. సంగీతం మీద ఆయనకున్న అభిప్రాయం ఒక్కటే: అందరూ ఒక్కపారే గుంజాలె. ఆ రోజునుంచి ఉస్తాద్ పాదం పాడటం, గ్యాంగు హైసా అని గుంజడం రివాజైంది. రెండేళ్లలో ఎంత కేబుల్ ఆ పాట మీద భూమిలోకి పోయిందో! ఆ గోదాములో ఇప్పటికీ వెలుగుతున్న ప్రతి లైటుకూ ఒక పాకిస్తానీ రాక్ పాటతో సంబంధం ఉంది. అక్కడి యజమానికి చెబితే నమ్మడు.

ఒకనాడు పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు.

"సారూ, గా పాటల ఏమంటున్నడు ఉస్తాదు?"

"ఒకమ్మాయి కిటికీ మూసుకున్నదట పెద్దన్నా. ఏడాదైనా తెరువలేదట."

"గంతేనా?"

"అంతే."

"నేను కేబుల్ మీద కట్టిండనుకున్న." చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు. "మరి ఏడాది సంది గా కిటికీ కింద ఒర్రుడెందుకు? పోయి తలుపు కొట్టరాదూ?"

ఈ విమర్శను నేను ఉస్తాద్‌కు అందించలేదు. అందరు కళాకారులూ తట్టుకోలేరు.

అయితే ఉస్తాద్ దీన్ని పాడటం కింద లెక్కలోకి తీసుకోలేదు. "అది పని యార్" అనేవాడు. "పాట వేరు." పాట అంటే స్టేజీ, ఒక మైకు, ఒక్కడు. ఆ నాలుగు నిమిషాలు.

ఆ స్టేజీ మా క్యాంపుకే వచ్చింది. మాస్కులు పోయిన తర్వాత ఒక చలికాలం, నాలుగైదు క్యాంపుల వాళ్లకు కలిపి పాటల పోటీ అని నోటీసు అంటించారు. సోలో, గ్రూపు అని రెండు విభాగాలు. సోలోలో గెలిచినవాడి పాట స్టూడియోలో రికార్డు చేయిస్తారు. కావలసినవాళ్లు మ్యూజిక్ ట్రాక్ తెచ్చుకోవచ్చు. సినిమా పాటలకు ట్రాకులు దొరుకుతాయి. లాహోర్‌లో జుట్టు దగ్గర ఆగిపోయిన బ్యాండ్ పాటకు ఎక్కడినుంచి తెస్తాం?

క్యాంపులో ఏ జాబితా రాయాలన్నా నా దగ్గరికే వస్తుంది. ఉస్తాద్‌ను అడగకుండానే సోలోలో పేరు రాసేశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఏసీ పద్దెనిమిది మీద పెట్టాడు. మూడో రోజు సాక్సులు మడతపెడుతూ అడిగాడు.

"వరుసలో ఎన్నోవాణ్ణి?"

"ఏడు."

"ఏడు మంచిదే" అన్నాడు. అంతటితో ఊరుకోకుండా, పాత బ్యాండ్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో 'ఆదివారం సోలో పాడుతున్నాను' అని పెట్టాడు. ఆ గ్రూపులో పండగ శుభాకాంక్షలు తప్ప మరో మాట పడి ఏళ్లయిందట. డ్రమ్మర్ ఇప్పుడు బ్యాంకు మేనేజరు. మిగిలిన జుట్టు దానంతటదే పోయింది. అతని జవాబు రెండే ముక్కలు: 'నాలుగు నిమిషాలా?'

ఉస్తాద్ ఆ రెండు ముక్కలు నాకు నాలుగుసార్లు చూపించాడు.

మిగిలిన ఆరు రోజులూ మా సమస్య ఒక్కటే, ఖాళీలో ఏం చేయాలి? బాత్రూం తలుపును స్టేజీ మీదకు తీసుకుపోలేం. నేను మూడు పద్ధతులు సూచించాను. మొదటిది నీళ్లు తాగడం. పాటలో పదహారు ఖాళీలున్నాయని, రెండు లీటర్లు అవుతుందని తేలింది. రెండోది జనం వైపు చూసి నవ్వడం. అద్దం ముందు ఒకసారి నవ్వి చూపించాడు. వద్దనుకున్నాం. మూడోది మనసులో డ్రమ్ము వినడం. "అక్కడ ఏమీ వినపడదు యార్. అదే కదా బాధ" అన్నాడు.

పెద్దాయనను ముందే హెచ్చరించాను.

"పెద్దన్నా, అది సోలో. ఒక్కడే పాడాలె. మనోళ్లు ఎవ్వరు నోరు తెరువొద్దు."

"మాకేం పని సారూ? పోతం, కూసుంటం, ఇంటం, వస్తం."

ఆదివారం సాయంత్రం మెస్ ముందున్న ఖాళీ జాగాలో స్టేజీ వేశారు. వెనక ఇనుప ఫ్రేముకు పెద్ద బ్యానర్. ఫోటోల్లో పడాలని జడ్జీలు ముగ్గురినీ సరిగ్గా ఆ బ్యానర్ కిందే కూర్చోబెట్టారు. జనం స్టేజీ మీదకు తోసుకురాకుండా ముందు వరుస ఎదుట లావుపాటి తాడు కట్టారు. ఒక కొస లైటు స్తంభానికి, రెండో కొస ఆ బ్యానర్ ఫ్రేముకు. మా సైటు తాడే. మా గ్యాంగు ముప్పై మందీ స్నానాలు చేసి, ఇస్త్రీ చొక్కాలేసుకుని ముందు వరుసల్లో కూర్చున్నారు. చేతులు ఊరికే ఉండలేక తాడు మీద ఉన్నాయి. నేను చూశాను. చూసి, ఎంత క్రమశిక్షణగా కూర్చున్నారో అని గర్వపడ్డాను. డిగ్రీ చదివినవాడి ముందుచూపు అది.

ఏడో నంబరు పిలిచారు. ఉస్తాద్ నల్ల చొక్కాలో వచ్చాడు. మైకు పట్టుకున్నాడు. మొదటి పాదం ఎత్తాడు. బాత్రూం లేకుండా, కందకం లేకుండా ఆ గొంతు వినడం నాకదే మొదలు. చివరి వరుసలో పల్లీలు తింటున్నవాళ్లు కూడా నమలడం ఆపారు.

పాదం అయిపోయింది. ఖాళీ వచ్చింది.

ఆయన ముఖం చూశాను. మొబైల్ షాపు ముందు నిలబడ్డ మనిషి ముఖం ఎలా ఉండి ఉంటుందో తెలిసింది. ఒక సెకను. రెండు. పక్కన ఎవరో చప్పట్లకు చేతులెత్తుతున్నారు.

"హైసా!"

పెద్దాయన. కళ్లు స్టేజీ మీదే ఉన్నాయి, నోరు మాత్రం కందకంలో ఉంది. ముప్పై మంది ఒక్కసారిగా కుర్చీల్లో వెనక్కి వాలారు. తాడు బిగిసింది. జడ్జీల తలల మీద బ్యానర్ జానెడు ముందుకొచ్చింది.

ఉస్తాద్ రెండో పాదం అందుకున్నాడు. అందుకోక ఏం చేస్తాడు? రెండేళ్లుగా ఆ కేక తర్వాత ఆయనకు వచ్చేది రెండో పాదమే. హైసా! ఇంకో జానెడు. మూడో ఖాళీకి పక్క క్యాంపు నేపాలీలు కూడా కలిశారు. నేను 'వద్దు వద్దు' అని చేతులూపుతూ ముందుకు పరిగెత్తాను. జనం అది డ్యాన్స్ అనుకున్నారు. రెండో చరణానికల్లా మధ్య జడ్జి లేచి నిలబడి బ్యానర్ ఫ్రేమును రెండు చేతులా పట్టుకున్నాడు. మిగతా పాటంతా ఆయన అలాగే విన్నాడు. కాలితో తాళం వేశాడని నేను చెబితే ఎవరూ ఒప్పుకోరు గానీ, వేశాడు.

పాట పూర్తయింది. చప్పట్లు ఈసారి సరైన చోటే పడ్డాయి.

తర్వాత జడ్జీల దగ్గర వాదన నేనే చేశాను.

"సోలో అంటే ఒక్కడు" అన్నాడు ఫ్రేము పట్టుకున్న జడ్జి, అరచేతులు తుడుచుకుంటూ.

"పాడింది ఒక్కడే సార్."

"మరి వీళ్లు?"

"వీళ్లు పాడలేదు సార్. గుంజారు."

ఈ తేడా నిబంధనల్లో లేదట. ఉస్తాద్‌ను సోలోనుంచి తీసి గ్రూపులో వేశారు. గ్రూపులో మొత్తం ఉన్నవి మూడు. మాకు మూడో బహుమతి. ఒక రైస్ కుక్కర్ ఇచ్చారు. గదుల్లో వంట చేయకూడదని క్యాంపు రూలు కాబట్టి, స్టేజీ మీద కుక్కర్ ఇచ్చిన క్యాంపు ముదీరే, అంటే మేనేజరే, స్టేజీ కింద దాన్ని స్వాధీనం చేసుకున్నాడు. ఇంత సమర్థమైన పాలన నేను మరెక్కడా చూడలేదు.

పెద్దాయన తల దించుకుని వచ్చాడు. "గల్తీ హోగయా ఉస్తాద్. నోరు మూసుకుందామనే ఉంటి. చేతులే ఆగలే." సగం హిందీ, సగం తెలుగు. ఉస్తాద్‌కు మొత్తం అర్థమైంది. ఆయన పెద్దాయన భుజం మీద చేయి వేసి, నన్నడిగాడు.

"ఎంతసేపు పాడాను?"

నేను టైమ్‌కీపర్ని. "నాలుగు నిమిషాల ఆరు సెకన్లు. ఆ ఆరూ బ్యానర్‌వి."

వీడియో తీసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఒకటి లాహోర్ పోయింది. పొద్దున టీ తాగుతుండగా డ్రమ్మర్ వాయిస్ మెసేజ్ వచ్చింది. ముందు నవ్వు, చాలాసేపు. తర్వాత, "ఎవరు వాళ్లు? మూడో చరణంలో కొంచెం ముందు పడ్డారు, అయినా నాకంటే బాగా కొట్టారు" అన్నాడు. ఆఖరున, "కానీ భాయ్, ఇది సోలో కాదు. నువ్వొక్కడివీ నిలబడింది ఎక్కడ?"

ఉస్తాద్ టీ పూర్తి చేశాడు. "నిజమే అంటున్నాడు వెధవ" అన్నాడు. ఆ వెధవ అన్న మాటలో, బ్యాండ్ విడిపోయిన పన్నెండేళ్లలో మొదటిసారి ప్రేమ వినపడింది.

మరుసటి ఆదివారం నన్ను వెంటబెట్టుకుని ఊళ్లోని సత్వా పేటకు బయల్దేరాడు. ఎవరో మంగలి చెప్పిన స్టూడియో. మెట్లెక్కి చూస్తే అది పదిమంది పంచుకునే ఫ్లాటులో ఒక గది, గోడల నిండా దుప్పట్లు మేకులతో కొట్టి ఉన్నాయి. నడిపేది అమలాపురం వైపు మనిషి. వారమంతా ఎక్కడో ఏసీలు బాగుచేసి, ఆదివారం చర్చి అయ్యాక రికార్డింగులు చేస్తాడు.

"పాటేదండి? దేవుడిదాండి, పుట్టినరోజుదాండి?" అన్నాడు.

"రాక్" అన్నాను.

"ఆయ్. అదీ చేసేద్దామండి."

ఉస్తాద్ మైకు ముందు నిలబడ్డాడు. నేను మూల స్టూలు మీద కూర్చున్నాను. మొదటి పాదం వచ్చింది, అయిపోయింది. ఖాళీ.

"హైసా" అంది నా నోరు.

గట్టిగా కాదు. కానీ అక్కడి మైకు మంచిది.

"ఎవరండీ బాబూ అది?" అన్నాడు అమలాపురం ఆయన, చెవులనుంచి హెడ్‌ఫోన్ తీసి. రెండేళ్లు కందకం పక్కన నిలబడి హాజరు రాసినవాణ్ణి, ఒక్కసారి కూడా కేబుల్ ముట్టుకోనివాణ్ణి, నేనే. పెద్దాయనను ఏమనడానికి నాకిక హక్కు లేదని అప్పుడు తెలిసింది. ఉస్తాద్ తలుపు వైపు వేలు చూపించాడు.

బయట మెట్ల మీద నిలబడ్డాను. తలుపు సందులోంచి అన్నీ వినపడుతున్నాయి.

"మధ్యమధ్యలో ఖాళీలొచ్చేత్తన్నాయండి. కీబోర్డేసి నింపేమంటారా?"

వాక్యం అర్థం కాకపోయినా ప్రశ్న అర్థమైనట్టుంది ఉస్తాద్‌కు. "నై. ఖాలీ రహ్‌నే దో" అన్నాడు, ఖాళీగానే ఉండనీమని.

మళ్లీ మొదలు. పాదం వచ్చింది, పైకి పోయింది, ఆగింది. కింద వీధిలో ఎవడో హారన్ కొట్టి మానేశాడు. నా చేతులు మెట్ల రెయిలింగును పట్టుకుని ఉన్నాయి. గుంజకుండా ఆపడానికి కొంత శ్రమ పడ్డాను.

రెండో పాదం వచ్చింది. సరిగ్గా రావలసినప్పుడు.

అలా పదహారుసార్లు. బయటికొచ్చినప్పుడు చొక్కా తడిసిపోయి ఉంది, కందకం దగ్గర నిలబడ్డ రోజుల్లోలాగే.

"ఖాళీలో ఏం చేశావు ఉస్తాద్?" అన్నాను.

"ఏమీ చేయలేదు. మీరు గుంజేదాకా ఆగాను."

మెట్ల మీదే నిలబడి పాట లాహోర్‌కు పంపాడు. కింద కరక్ చాయ్ చెప్పి, అది వచ్చేలోపే జవాబు వచ్చింది. 'నాలుగు నిమిషాలు. ఒప్పుకున్నా. మరి ఖాళీల్లో డ్రమ్ము నన్ను వాయించమంటావా?'

ఉస్తాద్ చాయ్ ఒక గుక్క తాగి, టైపు చేసి, నాకు చూపించి, పంపాడు.

'ముందు జుట్టు పెంచుకుని రా.'